సీనియర్ గారి జేబులోని తెల్ల బ్యాండ్

పొద్దున ఖమ్మం కోర్టు వరండాలో ఉండగా గుమస్తా పరుగున వచ్చి చెప్పాడు, మా సీనియర్ గారు తెల్లవారుజామున పోయారని. నాకు వకీలు పని నేర్పిన మనిషి. బెంచీ మీద కూలబడ్డాను. పక్కన మా జూనియర్, ములకలపల్లి కోయ పిల్ల, కేసు ఫైలుతో నిలబడి ఉంది. ఆరోజే ఆమె మొదటి వాదన. ఈ పని తనకు అచ్చిరాదు, ఊరికి పోయి వేరే ఉద్యోగం చూసుకుంటానని ఈ మధ్య తరచూ అంటోంది. "మేడం, వాయిదా అడుగుదామా?" అంది మెల్లగా. వాయిదా అన్న మాట వినగానే ఆ ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఎనభైల మొదట్లోకి వెళ్లాలి.

మాది ఖమ్మంలో దర్జీల కుటుంబం. అబ్బా, అంటే మా నాన్న, తన చేత్తో కుట్టిన నల్లకోటు వేసుకుని నేను సీనియర్ గారి ఆఫీసులో చేరితే ఊరంతా వింతగా చూసింది. సాయిబుల ఇంటి ఆడపిల్ల వకీలట! సీనియర్ గారికి మాత్రం మహా గర్వం. తన ఆఫీసులో అన్ని రకాల పిల్లలూ ఉండాలని ఆయన పట్టుదల. నాకంటే ముందు ఒక లంబాడా అబ్బాయి, మాదిగవాడ నుంచి ఒక అబ్బాయి చేరారు. ఏడాది తిరక్కుండా ఇద్దరూ మానేశారు. "వాళ్లు నిలవరు" అని వకీళ్లంతా బార్ రూములో తేల్చేశారు.

ఎందుకు నిలవరో నాకు త్వరలోనే తెలిసొచ్చింది. వాదన సీనియర్ గారిది. పెద్దిళ్ల జూనియర్లకు సొంతంగా వాదించుకోవడానికి మామల కేసులో, బాబాయిల కేసులో వచ్చేవి. మాకెవరున్నారు అలాంటి చుట్టాలు? మాకు మిగిలింది లేచి వాయిదా అడిగి కూర్చోవడం.

మనిషి మాత్రం వెన్న. రంజాన్ నెలంతా "చాయ్ తాగినవా బిడ్డా?" అని అడగడం, నాలుక కరుచుకోవడం, మర్నాడు మళ్లీ అడగడం. నేను పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాలని ఆఫీసు పనంతా ముందుకు జరిపిన పెద్దమనిషికి, నాకు కోర్టులో మాట్లాడాలని ఉంటుందన్న సంగతే తట్టలేదు.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పేశాను, ఉర్దూ బడిలో టీచరు పని దొరికింది, పోతున్నానని. ఆయన తెల్లబోయారు. తనేం తక్కువ చేశానని అడిగారు.

"ఏం తక్కువ చెయ్యలే సార్. ఇంట్ల బిడ్డ లెక్కనే చూసుకున్నరు. కానీ నాతోని వాయిదాలే అడిగించిన్రు. గా ఇద్దరు గూడ గందుకే పోయిన్రు."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అవ్ బిడ్డా, తప్పు నాదే. ముదిగొండ కేసయ్యేదాంక ఆగు," అన్నారు.

మా కక్షిదారైన ముదిగొండ రైతు చేనుకు పోయే బండిబాటను పక్క చేను ఆసామి కంచె వేసి మూసేశాడు. అసలక్కడ బాటే లేదని ఆ ఆసామి వాదన. కేసు పిలిచారు. సీనియర్ గారు లేవలేదు. మెడకు కట్టుకున్న తెల్ల బ్యాండ్ విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. అది లేనిదే వకీలు కోర్టులో నోరు విప్పకూడదు. మా రైతు ఆయన వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"మాట్లాడి ఓడిపో బిడ్డా, ఏం కాదు," అన్నారు నాకు మాత్రమే వినబడేలా.

లేచాను. బోనులో ఆసామి. మొదటి ప్రశ్న ఏం అడిగానో గుర్తులేదు, గొంతు వణికింది. అంతలోనే ఎక్కడో పట్టు దొరికింది. నిరుడు వడ్లు ఇంటికెట్లా తెచ్చుకున్నారని అడిగాను. బండి మీద, అన్నాడు. బండి ఎటు నుంచి వచ్చిందని అడిగాను.

"ఎటు నుంచి ఏంది? గా బాట మీదికెల్లే."

కోర్టంతా ఘొల్లున నవ్వింది! జడ్జి గారు కూడా కలం ఆపి నవ్వారు. నాకు ఒళ్లంతా పులకరింత. ఇక ఆ పూట నన్ను కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. వెనక్కి తిరిగి చూస్తే సీనియర్ గారు పట్టరాని సంతోషంతో తొడ చరుచుకుంటున్నారు. టీచరు పని సంగతి నేను మళ్లీ ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

తర్వాత అదే మా ఆఫీసు ఆనవాయితీ అయింది. కేసు తయారుచేసినవాళ్లే వాదించాలి, ఆయన బ్యాండ్ జేబులోకి పోవాలి. మానేసిన లంబాడా అబ్బాయి కోసం ఇల్లందు దాకా వెళ్లి, బతిమాలి వెనక్కి తీసుకొచ్చారు. రెండో అబ్బాయి అప్పటికే బ్యాంకులో చేరిపోయాడు. ఆ దిగులు ఆయనకు చివరిదాకా పోలేదు. మాలో మళ్లీ ఎవరూ మానలేదు.

ఇవన్నీ తలుచుకుంటూండగానే లోపల మా కేసు పిలిచారు. కళ్లు తుడుచుకుని లేచాను. మా పిల్లను ముందుకు పంపి, వెనక కుర్చీలో కూర్చుని మెడ మీది బ్యాండ్ ముడికి చెయ్యేశాను. అది ఓ పట్టాన ఊడిరాలేదు. చివరికి విప్పి గుప్పిట్లో పెట్టుకున్నాను.

సీనియర్ గారు పోయిన కబురు అందరికీ తెలిసిపోయింది కాబట్టి, వాయిదా కావాలా అని జడ్జి గారే అడిగారు. మా పిల్ల వెనక్కి తిరిగి నా ఖాళీ మెడ వైపు చూసింది.

"వద్దు సార్. నేను చెప్త," అంది.

అచ్చం ఆనాడు నా గొంతు వణికినట్టే ఆమె గొంతూ వణికింది. నా గుప్పిట్లో బ్యాండ్ తడిసిపోయింది.