ఆడపడుచు పెత్తనం

ఎలుకలకు దిగులు పుట్టించడం నా ఉద్యోగం. మాట మొరటుగా ఉన్నా, ఈ బెంగాలీ మహానగరంలో సాల్ట్ లేక్‌లోని మా ప్రయోగశాలలో జరిగేది అదే. ఇరుకు గొట్టంలో కదలనివ్వకుండా కాసేపు ఉంచుతాం, పడుకునే పొట్టు తడిపేస్తాం, నిద్రవేళ దీపం వేస్తాం. కొన్నాళ్లకు వాటికి పంచదార నీళ్లూ మామూలు నీళ్లూ ఒకటే అయిపోతాయి. అప్పుడు మందు ఇచ్చి మెదడులో ఏం మారిందో చూస్తాం. ఏళ్ల తరబడి చూస్తున్నా, ఆ మందు మనుషులకు పనిచేయడానికి వారాలు ఎందుకు పడుతుందో నాకు పూర్తిగా తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

మా అన్నయ్యది మునిసిపాలిటీ నీటి సరఫరాలో పని, కాపురం నది అవతల షాలిమార్ దగ్గర. పోయిన వర్షాకాలంలో వదిన మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. వంట మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది. మిఠాయి కొట్టు కనబడితే ఆగకుండా రాలేని మనిషి, అన్నయ్య తెచ్చిన తీపి పెరుగు, మిష్టీ దోయి కుండను మూత కూడా తీయకుండా పక్కకు నెట్టింది. నాకు వెంటనే మా ఎలుకలు గుర్తొచ్చాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

దిష్టి తగిలిందని కొందరు, నరాల బలహీనత అని కొందరు అన్నారు. నేను మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన మాత్రలు రాసి, మధ్యలో ఆపొద్దన్నారు. మొదటి వారం వదినకు కడుపులో తిప్పడం, నోరెండిపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. రెండో వారం ఇక మింగనని మొండికేసింది. అన్నయ్య ఫోన్ చేశాడు.

"సెల్లీ, నువ్వు సదివింది ఇదే కదేటి? ఈ మందు పన్సేస్తాదా, నేదా? ఒక్క మాట సెప్పు."

"చాలామందికి పనిచేస్తుంది అన్నయ్యా. కొందరికి మందు మార్చాల్సి వస్తుంది. ముందే చెప్పలేం."

"ఎలకలకైతే సెప్తావు కావాల" అని పెట్టేశాడు. కోపం కాదు, భయం. నాకూ భయంగానే ఉంది.

ఆదివారం వెళ్లాను. వదిన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చుని నాకు చేతనైన పద్ధతిలో మొదలుపెట్టాను. ఒత్తిడికి మెదడు కణాల కొమ్మలు ఎలా కురచబారతాయో, మందుతో మెల్లగా మళ్లీ ఎలా చిగురిస్తాయో చెప్పాను. సెమినార్లలో చప్పట్లు కొట్టించుకున్న ఉపన్యాసమే. వదిన ఇటు తిరగలేదు.

"ధుర్, నీ సదువు నాకొద్దు" అంది చివరికి. "నేనీ ఇంటికొచ్చి ఇన్నేళ్లయినాది, ఒక్కనాడూ నా మీద పెత్తనం సెయ్యనేదు నువ్వు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా. ఏది సెయ్యాలో, ఏది మానాలో నాకు తెల్డం నేదు. ఇప్పుడు సెయ్యి పెత్తనం."

ఆడపడుచు పెత్తనం చేయకపోవడం నా సంస్కారమని నేను మురిసిపోయేదాన్ని. అందులో శ్రమ కూడా తక్కువే. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు అట్టలోంచి ఒక మాత్ర తీశాను.

"లెగు" అన్నాను. అచ్చం మా మేనత్త గొంతు వచ్చింది. "లెగిసి కూకో. మింగు. డాట్రు ఆపమనేదాకా మానీడానికి వీల్లేదు. తగ్గుతాది."

ఆ చివరి మాట మా విద్యార్థులెవరైనా వ్యాసంలో రాసి ఉంటే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. వదిన లేచి కూర్చుని మాత్ర మింగింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే న్యూ టౌన్‌లోని మా ఇల్లు కదిలే ముందు ఫోన్ చేసి గదమాయించడం నా పని. "మింగినావా?" "మింగినాను, ఆడబిడ్డా." చాలా రోజులు ఇంతకు మించి మాటలు లేవు. ఇంకో వైద్యుణ్ణి చూడాలా అని అన్నయ్యా నేనూ గుసగుసలాడుకున్నాం కూడా.

దసరా పూజలు దాటాక ఒకరోజు ఆలస్యమై ఆఫీసు బస్సులోంచి చేశాను.

"ఏటి గయ్యాళీ, నేటయిపోనావు? నీ తిట్టు కోసం మాత్ర సేతిలో ఎట్టుకుని కూకున్నాను" అని వదిన నవ్వింది.

బస్సులో అందరి ముందూ ఏడ్చేశాను. పక్క సీటాయన మొహమాటంగా కిటికీవైపు తిరిగాడు.

మాత్ర వల్ల తగ్గిందా, తిట్ల వల్లా అని అన్నయ్య ఇప్పటికీ అడుగుతుంటాడు. తేల్చాలంటే మాత్ర మాత్రమే మింగే వదిన ఒకరు, తిట్లు మాత్రమే తినే వదిన ఇంకొకరు కావాలి. మాకున్నది ఒక్క వదినే.