పచ్చ పోగు

గుడియాత్తం మెకానిక్ యోగానంద్‌కు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఇంజన్ జబ్బు తెలిసిపోతుంది. ఇంజన్ కింద కొత్త రబ్బరు మౌంట్లు పెట్టినా బోల్టులు వెంటనే బిగించడు. "ముందు దాన్ని కూర్చోనీప్పా, దాని చోటు అదే చూసుకుంటాది" అంటూ బండి స్టార్టు చేసి, ఇంజన్‌ను కాసేపు ఊగనిచ్చి, ఆ తర్వాతే బిగిస్తాడు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు గనుక, చివరి బోల్టుకు లుంగీ నూలులోంచి ఒక ఎర్ర పోగు కడతాడు. అతని దగ్గరే పని నేర్చుకుని వేలూరులో షెడ్డు పెట్టిన తమ్ముడు మోహన్‌రాజ్ కట్టేది పచ్చ పోగు.

ఆ రోజు వేలూరును ఆనుకుని ఉన్న సత్తువాచారి నుంచి సుబ్బరాయులుగారి పాత అంబాసిడర్ వణుక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా తానొక్కడే ముట్టానని యోగానంద్ అనుకుంటున్న బండి అది. కిందికి దూరి, ఇంజన్‌కు జాకీ ఆనించి చూస్తే, మౌంటు రబ్బరు మెలితిరిగి చీలిపోయి ఉంది. ఇంజన్‌ను కూర్చోనివ్వకుండా తొందరపడి బిగించిన పని. బోల్టుకు పచ్చ పోగు. బండి కింద పడుకునే అడిగాడు: "సార్, వేలూర్లో ఎవురైనా చూసినారా దీన్ని?" "ఛీఛీ! నువ్వుండంగా ఇంగొకరికి ఇస్తానా? మీ తమ్ముడే ఎదురొచ్చి అడిగినా ఇయ్యలేదప్పా!" యోగానంద్ "సరే సార్" అన్నాడు. కొత్త మౌంట్లు పెట్టి, ఎప్పటిలాగే ఊగనిచ్చి బిగించాడు. బానెట్ మీద చెయ్యి పెడితే వణుకు లేదు. "నీ చెయ్యి చెయ్యేనప్పా!" అని సుబ్బరాయులుగారు మురిసిపోయారు. యోగానంద్ చెవిసందున పెట్టుకున్న ఎర్ర పోగును జేబులో వేసుకుని, మళ్ళీ కిందికి దూరి, తాను విప్పిన తమ్ముడి పచ్చ పోగునే చివరి బోల్టుకు కట్టి వచ్చాడు.