ఫిర్యాదు చేయబోయి దొరికిపోయాను

పోలీసులు వెతికి పట్టుకుంటే దొరికినవాళ్లని చూసుంటారు. ఆటో మాట్లాడుకుని మరీ వెళ్లి దొరికినదాన్ని చూశారా? ఇదిగో, నన్ను చూడండి!

మాది అరకు దగ్గర చిన్న ఊరు. కాఫీ తోట ఉంది, ఇంటి వెనక రెండు గదులు టూరిస్టులకి అద్దెకిస్తాం. పోయిన నెల ఇంగ్లండ్ నుంచి ఒకాయన దిగాడు. వరండాలో కాఫీ తాగుతూ, క్రికెట్ చూస్తూ, ఫోన్‌లో టకటకా పందేలు కాస్తున్నాడు. నాకా, క్రికెట్ అంటే పిచ్చి! వచ్చిన ఇంగ్లీషులోనే "పోలీస్ నో ప్రాబ్లమ్?" అని అడిగాను. నవ్వాడు. వాళ్ల దేశంలో దానికి లైసెన్సు ఇస్తారట, బజార్లో షాపులే ఉంటాయట. "బట్ యువర్ కంట్రీ డిఫరెంట్. చెక్ ఫస్ట్" అని కూడా అన్నాడు పాపం. షాపుల సంగతి బాగా వినబడింది నాకు. ఈ ముక్కే వినబడలేదు.

ఆయన వెళ్లిన మర్నాడే ఏదో లింకు పట్టుకుని ఒక యాప్ వేసుకున్నాను. అడుగున ఎక్కడిదో ఓ దీవి పేరు, లైసెన్సు ముద్ర. ముద్ర ఉందంటే గవర్నమెంటే కదా! కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్ కొనాలని మా ఆయన సోములు దాచిన డబ్బు నా అకౌంట్లోనే ఉంది. మొత్తం ఒకే మ్యాచ్ మీద పెట్టేశాను.

గెలిచాను! నిజంగా! రెట్టింపు! వంటింట్లో ఒక్కదాన్నే గెంతాను.

డబ్బు తీసుకుందామని నొక్కితే, అప్పుడడిగింది యాప్, మీది ఏ దేశమని. ఇండియా అని కొట్టాను. 'మీ దేశంలో ఇది నిషేధం. మీ అకౌంట్ మూసేశాం.' అంతే! నా డబ్బు మింగినప్పుడు గుర్తురాని చట్టం, ఇవ్వాల్సొచ్చేసరికి గుర్తొచ్చిందా?

ఏడుస్తూ ఇంగ్లండాయనకి మెసేజ్ పెట్టాను. "మా దేశంలో అయితే కంప్లయింట్ ఇస్తాం" అన్నాడు. ఇదీ వాళ్ల దేశం సంగతేనని నాకు తట్టొద్దూ? కాగితం రాసుకుని స్టేషన్‌కి వెళ్లాను.

ఎస్సై గారు రెండుసార్లు చదివారు. "ఇది కంప్లయింటా అమ్మా? నేరం ఒప్పుకుంటున్నట్టుంది!"

"గెలిచాను సార్, నా డబ్బులు..."

"ఇక్కడ ఆడటమే తప్పు. ఆ యాప్ వాళ్లు ఏ సముద్రంలో ఉన్నారో! నువ్వైతే ఎదురుగానే ఉన్నావు."

ఎవరూ చెప్పకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చివరికి గట్టిగా హెచ్చరించి పంపారు. డబ్బు మీద ఆశ వదులుకోమన్నారు.

ఇంటికొచ్చి సోములుకి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఆ దేశపోడి రూలు అడిగావు. ఇంట్లో నన్నొక్క మాట అడగాలనిపించలేదేటే?" అన్నాడు. అంతే, లేచి తోటకి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

స్టేషన్‌లో కానిస్టేబుల్‌ది మా పక్క ఊరే. ఇంకేం, రెండ్రోజుల్లో నా పేరు 'లాయరమ్మ' అయిపోయింది! మొన్న సంతలో అల్లం కొంటే తూకం తేడాగా కనబడింది. "ఇదేటమ్మా, తక్కువుంది" అన్నాను.

అల్లం అమ్మే ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, "ఏటి సేత్తావు లాయరమ్మా? కంప్లయింటిత్తావా?" అంది.

సంతంతా నవ్వింది. ఇచ్చినంతే చాలని బేగి సంచి పట్టాను.