ఇరవై నాలుగు అంగలు

కోసిన పచ్చిక వాసన తగిలితే నా చేతిలో పని ఇప్పటికీ ఆగిపోతుంది. మొన్న శంషాబాద్‌లో ఒక ఇంటి స్థలం కొలుస్తుంటే పక్క తోటలో గడ్డి కోశారు. టేపు రెండో కొస పట్టుకున్న మనిషి "ఎంత సార్?" అని మూడుసార్లు అడిగాడట. నాకు మాత్రం యాకూబ్ చాచా గొంతే వినిపిస్తోంది.

అవి రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. నాలుగో తరగతితో బడి మానేసి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఆ గర్వం కూడా ఉండేది. హిమాయత్ సాగర్ దారిలో, పని నుంచి తప్పుకున్న ఒక ఇంజనీరు సాబ్ తన బంగళా ప్రహరీ కొలతలకు నన్ను పెట్టుకున్నారు. బంగళా ముందు చాపలా చదునైన పచ్చిక. దాని మీద సాబ్ విలాయతీ ఆట ఒకటి ఆడేవారు. ముందు చిన్న తెల్ల బంతిని దొర్లిస్తారు. తర్వాత చిన్న కొబ్బరికాయంత కర్ర బంతులను దాని దగ్గరికి పంపాలి. ఎవరిది దగ్గరగా ఆగితే వారు గెలిచినట్టు. కర్ర బంతికి ఒక పక్క బరువు ఎక్కువ, అందుకే చివర్లో వంకర తిరుగుతుంది.

ఆ పచ్చికను చూసుకునే మాలీ యాకూబ్ చాచా. ఒక మధ్యాహ్నం ఒక్కడే ఆడుతున్నాడు. వట్టి కాళ్లతో అంగలు లెక్కపెట్టుకుంటూ తెల్ల బంతి దాకా నడిచి, వెనక్కి వచ్చి, చేతి బొటనవేలితో కర్ర బంతి బరువు పక్కను తడిమి వదిలాడు. అది తెల్ల బంతికి జానెడు దూరంలో ఆగింది. నా అడుగుల చప్పుడు విని చాచా నా వైపు తిరిగాడు.

"యాడ ఆగింది? జర చెప్పు."

"కండ్ల ముందే ఉంది గద చాచా."

"నీ కండ్ల ముందు. నా కండ్లు పోయి మూడేండ్లాయె."

పదిహేను రోజులుగా ఆయన రోలరు లాగడం, అంచులు కత్తిరించడం చూస్తున్నాను. ఒక్కసారి కూడా తడబడలేదు. "సాబుకు తెలుసా?" అన్నాను.

"తెలిస్తే ఈడ ఉండనిస్తడా? నువ్వు నోరు మూసుకో, లెక్కలోడా."

ఆనాటి నుంచి రోజూ ఆయన పక్కన నిలబడి బంతి ఎక్కడ ఆగిందో చెప్పేవాణ్ణి. టేపు తీస్తే నవ్వేవాడు. "అది గాడ పెట్టు. పచ్చిక యాడ దిగుతదో నా అరికాలు చెప్తది."

నెల తిరగకముందే ఎవరో కుర్చీని దారిలో వదిలారు. సాబ్ చూస్తుండగానే చాచా రోలరు దాన్ని విరగ్గొట్టింది. సాబ్ మండిపడ్డారు. "గుడ్డోనివై ఇన్నాళ్లు నన్ను మోసం చేసినవా? రేపటి నుంచి రాకు."

చాచా రోలరు పిడి వదిలాడు. "ఒక్క బంతి ఆడనియ్యుండ్రి సాబ్. మీకంటె దగ్గర ఆపితే ఉంచుండ్రి. లేకుంటె నేనే పోత."

సాబ్ నవ్వి ఒప్పుకున్నారు. వారి బంతి తెల్ల బంతికి గజం దూరంలో ఆగింది. చాచా అంగలతో దూరం కొలవడానికి కదిలాడు. నేనే అడ్డం పడ్డాను. "నువ్వుండు చాచా, నేను లెక్కపెడత." సాబ్ ముందు నా పనితనం చూపించుకోవాలనిపించింది. నడిచి వచ్చి గట్టిగా చెప్పాను: "ఇరవై నాలుగు అంగలు!"

చాచా వదిలాడు. బంతి ఎంత అందంగా వంగిందో! ఆగింది మాత్రం తెల్ల బంతికి నాలుగు గజాలు ఇవతలే.

"అయిపాయె," అంటూ సాబ్ వరండాలోకి వెళ్లిపోయారు.

నాలుగు గజాలు తక్కువైందని చాచాకు చెప్పాను. ఆయన మెల్లగా అడిగాడు. "అంగలు ఎవరివి, నీవా నావా?"

నా అంగ ముప్పై అంగుళాలు. పొట్టివాడైన చాచాది ఇరవై నాలుగు. "నీ అంగలైతే ముప్పై, చాచా," అన్నాను.

"నేను గూడ అడగకపోతి. లెక్కలోనివి గద అనుకున్న." వంగి రెండో బంతి తీశాడు. వదిలాడు. అది పచ్చిక మీద మెల్లగా తిరిగి, 'టక్' అంది.

"తగిలిందా?"

"తగిలింది."

వరండాకు పరుగెత్తాను. తప్పు నాదేనని, ఇప్పుడు తగిలిందని చెప్పాను. సాబ్ చాయ్ కప్పు దించలేదు. "తగిలితే ఆటల తగలాలె." అంతే.

తిరిగి వచ్చేసరికి చాచా బంతులను గుడ్డతో తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. నా భుజం వెతికి తట్టాడు. "నీ కొలత మంచిదేరా. నాకు సరిపోలే, అంతే." శంషాబాద్ రోడ్డు మీద అంగలు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ నాకు కనిపించలేదు.

కొలతల పుస్తకాలు ఎన్నో నింపాను. కొత్తది తెరిచిన ప్రతిసారీ మొదటి పేజీలో ముందు నా అంగ రాస్తాను: ముప్పై అంగుళాలు. దాని కిందే యాకూబ్ చాచాది: ఇరవై నాలుగు.