ఓనర్ ఆంటీ కాగితం గౌను

నా రాత బాగుండదు. ఆ సంగతి ముందే చెప్పి క్షమించమని అడుగుతున్నాను. ఏడో తరగతితో నన్ను బడి మానిపించారు. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతే మీరే సరి చేసుకోండి. గీతల కాగితం మీద రాసినా వరసలు కిందికి జారాయి.

మా ఓనర్ ఆంటీ చనిపోయింది. ఫిబ్రవరిలో, ఆసుపత్రిలో, ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పోయింది. ఆ సంగతి ఆమె మేనల్లుడు మా రూం తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. చెప్పిన నోటితోనే ఇల్లు అమ్మేస్తున్నాం, మీరెప్పుడు ఖాళీ చేస్తారని అడిగాడు. మా ఆయన "ఓకే బ్రో, ఓకే" అన్నాడు. నేను బిడ్డనెత్తుకుని వెనక నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

మన తెలుగు సంఘం ఉగాది పుస్తకంలో ఈ ఏడాది పోయిన మనవాళ్ళ గురించి తలా ఒక పేజీ రాయమని, పుస్తకం చూసే అక్క వాట్సాప్‌లో పెట్టింది. మీరంతా మీ నాన్నల గురించి, తాతల గురించి రాస్తారు. ఓనర్ ఆంటీ మనవాళ్ళలోది కాదు, థాయ్‌లాండ్ మనిషి. నాకూ ఆమెకూ మూడేళ్ళలో సరిగ్గా మూడు రోజులు కూడా పడలేదు. కానీ ఆమెకు క్షమాపణ చెప్పుకోవలసిన తప్పు ఒకటి చేశాను. చెప్పేలోపే ఆమె పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

లండన్ దగ్గర హేస్‌లో ఆమె ఇంటి పై గది అద్దెకు తీసుకుని మేము వచ్చిన రోజే మొదటి గొడవ. చెప్పులు గుమ్మంలోనే విడిచాం, దానికి తల ఊపింది. కింద ముందుగదిలో కూర్చోమంది. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన కాళ్ళు కదా, కార్పెట్ మీద కూర్చుని బారుగా చాపాను. ఆమె చుట్టిన పేపర్‌తో నా అరికాళ్ళ మీద టపటపా కొట్టింది. "నో లెగ్! నో లెగ్! బుద్ధా!" అని గోడ మీది అర చూపించింది. అక్కడ చిన్న బుద్ధుడు, ముందర ఒక గ్లాసులో ఎర్రటి కూల్‌డ్రింకు. మా అమ్మ కూడా నన్ను కాళ్ళ మీద కొట్టలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ మనిషితో నాకు పొసగదని.

పొసగలేదు. ఆ ఇంట్లో నాకు నచ్చింది బాత్రూంలో కమోడ్ పక్కనున్న చేతి పైపు ఒక్కటే. దొరల దేశంలో అంతటా కాగితాలేనని భయపడుతూ వచ్చినదాన్ని. పైపు చూసి ప్రాణం లేచొచ్చింది. మిగతా అన్నిటికీ కొట్లాటే. పెరట్లో పై తీగ మీద నా లంగాలు ఆరేస్తే వాటిని కర్రతో దింపి కింద తీగకు వేసేది. ఆ తీగ నా మోకాళ్ళంత ఎత్తులో ఉండేది. ఆడవాళ్ళ లోపలి బట్టల కింద నుంచి తల దూర్చి నడవకూడదట. వర్షం పడితే నా లంగాల నిండా బురద చిమ్మేది. నేను కావాలని మళ్ళీ పైన వేసేదాన్ని. ఆమె మళ్ళీ దింపేది.

వంటింట్లో ఇంకా ఘోరం. నేను పోపు పెడితే స్మోక్ అలారం మోగేది. ఆమె మిరపకాయలు వేయిస్తే కూడా మోగేది. మోగిన ప్రతిసారీ చెరొక తువ్వాలు పట్టుకుని ఊపుతూ "యూ!" అంటే "యూ!" అనుకునేవాళ్ళం. నా ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి, "సమ్‌థింగ్ డై?" అంది. ఆమె చేపల రసం సీసా మాత్రం మల్లెపువ్వుల అత్తరా? ఫ్రిజ్‌లో అర మధ్య నీలం టేపు అతికించి, ఇటు నీది, అటు నాది అని వేలితో చూపించింది. నా పెరుగు డబ్బా టేపు దాటితే వెనక్కి జరిపేది. ఎంత దాటిందనుకున్నారు, గోరంత.

మీలో ఒకరు, ఎవరో నేను చెప్పను, ఒక శనివారం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "అదేం కంపే తల్లీ! ఎలా ఉంటున్నావు ఇక్కడ? ఆవిడ మొహం చూస్తేనే భయమేస్తోంది. వీళ్ళకి చేతబడులు కూడా వచ్చునట, కాస్త జాగ్రత్త" అన్నారు. ఓనర్ ఆంటీ మెట్ల దగ్గరే ఉంది. తెలుగు రాకపోవచ్చు, ముక్కు మూసుకోవడం ఎవరికైనా అర్థమవుతుంది. ఆ సాయంత్రం ఆమె తన రోలును ఎత్తి గదిలో పెట్టుకుంది. అంతకుముందు నేను దాంట్లో పచ్చడి నూరుకుంటే చూసీ చూడనట్టుండేది.

ఇప్పుడు అసలు సంగతి. అప్పటికి నాకు మూడో నెల. అంతకుముందు ఒకటి నిలవలేదు, అది మీకు తెలుసు. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం. పై గది కిటికీలోంచి చూస్తే ఓనర్ ఆంటీ పెరట్లో బల్ల వేసింది. ఉడికించిన కోడి, తలతో సహా. కమలాపళ్ళు, చిన్న చిన్న కప్పుల్లో టీ, అగరొత్తులు. పక్కన బిస్కెట్ల రేకు డబ్బాలో మంట. బంగారు రంగు కాగితాలు మడిచి ఒక్కొక్కటే అందులో వేస్తోంది. తర్వాత ఒక సంచిలోంచి కాగితంతో చేసిన చిన్న గౌను తీసింది. గులాబీ రంగు, పసిపిల్లకు పట్టేంత. దాని మీద ఏదో రాసింది. రాసి, తలెత్తి నా కిటికీ వైపు చూసింది.

మా వైపు బాణామతి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కోడి, మంట, పసిపిల్ల బట్ట. నా చేతులు కడుపు మీదికి వెళ్ళాయి. చెప్పులు కూడా వేసుకోలేదు. బాత్రూంలో బకెట్ నిండుగా ఉంది, ఎత్తుకుని మెట్లు దిగాను. అప్పుడే ఆమె గౌనును డబ్బాలో వేసింది, దాని ఒక చెయ్యి అంటుకుంది. బకెట్ మొత్తం డబ్బాలో పోశాను. బూడిద లేచి ఆమె మొహం మీద, కోడి మీద పడింది.

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె బూడిద కూడా తుడుచుకోలేదు. రెండు చేతులూ నీళ్ళలో పెట్టి గౌను పైకి తీసింది. అరచేతుల్లో పరిచి పట్టుకుని వెళ్ళి పై తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసింది. నా లంగాలు ఎప్పుడూ ఉండనివ్వని పై తీగకు. నీళ్ళు కారుతున్న ఆ కాగితం కింద చాలాసేపు నిలబడింది.

వారం తర్వాత మేనల్లుడు వచ్చి మా ఆయనతో చెప్పాడు. వాళ్ళ పూర్వీకులు చైనా నుంచి థాయ్‌లాండ్ వచ్చినవాళ్ళట. ఏడాదికొకసారి, చనిపోయినవాళ్ళకు ఏం కావాలో అది కాగితంతో చిన్నగా చేసి కాలుస్తారట. కాలిస్తే వాళ్ళకు చేరుతుందట. ఓనర్ ఆంటీకి ఒక కూతురు ఉండేది. నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయింది. ఆ పిల్లకు ఏడాదికొక గౌను. గౌను మీద రాసింది ఆ పిల్ల పేరు.

"చూసినవా, ఎంత పని చేసినవో. పోయి సారీ చెప్పు" అన్నాడు మా ఆయన.

"నువ్వు చెప్పరాదు?" అన్నాను.

"నేనేమన్న నీళ్ళు పోసిన్నా?"

వెళ్ళలేదు. సారీ అనేది చిన్న మాట, నాకూ వచ్చు. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే అంటాను. ఆ గౌనుకు ఆ మాట ఎట్లా సరిపోతుందని ఆగాను. అట్లా ఆగి ఆగి రెండేళ్ళు.

నేను నీళ్ళు పోసిన తర్వాత ఆమె మూడు వారాలు నా మొహం చూడలేదు. నాకేమో వేవిళ్ళు, అన్నం వాసనే పడేది కాదు. ఒక పొద్దున రూం తలుపు దబదబా బాదిన చప్పుడు. తీస్తే ఆమె. చేతిలో గంజి గిన్నె. మెత్తగా ఉడికిన అన్నం, అల్లం ముక్కలు, మిరియాలు. నా మొహంలో మొహం పెట్టి, "ఫస్ట్ ఈట్. ఆఫ్టర్, ఫైట్" అంది. గిన్నె నా చేతిలో కుక్కి వెళ్ళిపోయింది. ముందు తిను, తర్వాత కొట్లాడదాం అని. ఆ గంజి కడుపులో నిలిచింది. మర్నాడు మళ్ళీ బాదింది. పుట్టింటివాళ్ళు కూడా అట్లా తలుపు బాది పెట్టరు. ఆమె పెట్టింది, మొహం చిట్లించుకునే పెట్టింది.

తిన్న గిన్నెలో నాలుగు మెతుకులు మిగిల్చి సింకులో వేస్తే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "రైస్ నో త్రో. రైస్, మదర్." అన్నం అమ్మ అట. మా నాయనమ్మ కూడా అదే అనేది. ఆ మాట ఆమెతో చెప్పాలనిపించింది. ఇంగ్లీషు రాక కాదు, పంతం. గిన్నె కడిగి నీలం టేపుకు అటు పక్క పెట్టాను.

అక్టోబర్‌లో బిడ్డ పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను చల్లనీళ్ళు తాగబోతే గ్లాసు లాక్కుని సింకులో పోసింది. వేడినీళ్ళ సంచి తెచ్చి నా పొట్ట మీద పెట్టింది. కిటికీలు మూసేసింది. మా అత్తమ్మ ఫోన్‌లో మొత్తుకునేవే అవన్నీ, ఫోన్‌లో గ్లాసు లాక్కోలేదు కదా. బిడ్డను చూసి, "అగ్లీ. వెరీ అగ్లీ" అంది. నాకు ఒళ్ళు మండింది. పసిపిల్లను అందంగా ఉందంటే దయ్యాలు ఎత్తుకుపోతాయని వాళ్ళ భయమట, మనం దిష్టిచుక్క పెట్టినట్టే. అది తెలిసేదాకా నాలుగు రోజులు ఆమె గంజి ముట్టలేదు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. మళ్ళీ బల్ల, కోడి, కమలాపళ్ళు. ఈసారి కొత్త గౌను, పసుపుది. డబ్బాలో మంట వెయ్యకముందు ఆమె లోపలికి వెళ్ళి నిండు బకెట్ ఒకటి మోసుకొచ్చి డబ్బా పక్కన పెట్టింది. నా కిటికీ వైపు తలెత్తి గట్టిగా అంది: "బకెట్ హియర్! యూ వాంట్?"

అది ఎగతాళా, పిలుపా? ఇప్పటికీ తెలియదు. ఏదైనా సరే, దిగి వెళ్ళి ఆమె పక్కన నిలబడి ఉంటే సరిపోయేది. నోటితో ఏమీ అనక్కర్లేకపోయేది. నేను పరదా వేసుకున్నాను. పరదా సందులోంచి పొగ వాసన వచ్చింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను.

ఆమె దహనం రోజు మా ఆయనకు వేర్‌హౌస్‌లో షిఫ్ట్. రెండు బస్సులు మారి వెళ్ళాలి, బిడ్డతో ఒక్కదాన్ని వెళ్ళడానికి భయపడ్డాను. అది కూడా రాస్తున్నాను, దాచను. తర్వాత ఆదివారం మేనల్లుడు ఇంట్లోవన్నీ బయటి స్కిప్‌లో, అదే పెద్ద ఇనప చెత్త తొట్టిలో పారేశాడు. రోలు, పరుపు, బిస్కెట్ల డబ్బా. "చచ్చిపోయింది గదా, ఇంక నువ్వేం ఏడుస్తవ్? ముందు సామాన్లు సర్దు" అన్నాడు మా ఆయన. సర్దలేదు. వెళ్ళి స్కిప్‌లో చెయ్యి పెట్టి రోలు తీయబోయాను, లేవలేదు. డబ్బా తీశాను. మూత తీస్తే లోపల గులాబీ రంగు గౌను. ఎండి ముడతలు పడింది, ఒక చెయ్యి కాలిపోయింది. నేను తడిపినదాన్ని ఆమె మళ్ళీ కాల్చలేదు, పారెయ్యలేదు. రెండేళ్ళు దాచింది.

ఇక పుస్తకం చూసే అక్కకు ఒక మాట. అక్కా, నేను నీళ్ళు పోసిన ఏడాది జూలైలో మీ పెరట్లో అందరం బార్బెక్యూ చేసుకున్నాం. మా ఆయన ఆ బకెట్ కథ చెప్పాడు. ముసల్ది, మంట, నేను ఉరికి నీళ్ళు పోసుడు, కోడి మీద బూడిద. గౌను మాట చెప్పలేదు. మీరంతా కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "మీ ఆవిడ ఫైర్ ఇంజన్ అండీ!" అన్నారు మీరే. నాకు గౌను సంగతి తెలుసు. తెలిసీ నేను కూడా నవ్వాను. మీ మీద నాకు కోపం ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. ఈ ముక్క చదివి మీకు కోపం వస్తే రానివ్వండి.

దీన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని అచ్చు వేసుకోండి, వేసుకోకపోండి, మీ ఇష్టం. ఈ కాగితాలు మాత్రం రీసైక్లింగ్ డబ్బాలో వెయ్యకండి. కాల్చెయ్యండి. మాకిప్పుడున్న ఫ్లాట్‌కు పెరడు లేదు. పొయ్యి మీద కాలిస్తే అలారం మోగుతుంది, తువ్వాలు ఊపడానికి రెండో మనిషి కూడా లేదు. మీ పెరట్లో బార్బెక్యూ రోజు కోడి కాల్చిన ఆ పొయ్యిలోనే కాల్చండి, పట్టపగలు. ఒక కమలాపండు పెడితే చాలు. ఓనర్ ఆంటీకి తెలుగు చదవడం రాదు. కాలింది చేరుతుందని ఆమె నమ్మింది కాబట్టి చేరుతుంది.

కవరులో గౌను కూడా పెట్టాను, మడత విప్పకండి, పొరలు ఊడిపోతాయి. కాలకుండా మిగిలిన చెయ్యి దగ్గర అంటించండి. పూర్తిగా బూడిదయ్యేదాకా ఎవరైనా ఒకరు దగ్గర నిలబడండి. ఎవరైనా బకెట్ పట్టుకుని వస్తే ఆపండి.