ఒక్క తిప్పు

మా ఊళ్లో బంతి విసిరి జీతం తీసుకున్న తొలి మనిషి ఆమె. ఆ బంతులు పట్టినదాన్ని నేను. చలికాలం వస్తే నా ఎడమ అరచెయ్యి ఇప్పటికీ సలుపుతుంది. ఆ నొప్పంటే నాకు చచ్చేంత గర్వం.

డెబ్బైల చివర్లో ఉరవకొండ హైస్కూల్లో మా డ్రిల్ సారు హైదరాబాదు శిక్షణకు వెళ్లి సాఫ్ట్‌బాల్ నేర్చుకొచ్చాడు. నేర్చుకున్నదాంట్లో సగం రైల్లోనే మరిచిపోయాడని మాకు ఆలస్యంగా తెలిసింది. చేతిని గుండ్రంగా తిప్పి బంతిని కిందినుంచి వదలమన్నాడు. మేమంతా తంటాలు పడుతుంటే ఆమె మాత్రం గిరగిరా మూడు తిప్పులు తిప్పి వదిలింది. నా చెయ్యి మండిపోయింది.

"యాడ నేర్చుకున్నావే?" అన్నాను.

"నేర్చేదేముండాది? ఒడిసెల తిప్పినట్లే కదా" అంది.

జొన్న కంకికొచ్చిందంటే చాలు, ఆమె మంచె మీదే ఉండేది. వడిసెల తాడులో రాయి పెట్టి, తిప్పి తిప్పి పిట్టల్ని తోలేది. ఆ చేతికి జిల్లాలో ఎదురు లేకుండా పోయింది.

అంతలో వానలు మొహం చాటేశాయి. చేలల్లో శెనక్కాయ ఊడలు దిగకముందే మాడిపోయింది. ఇంటిల్లిపాదీ బెంగుళూరు పోయి ఇటుకలు మోయాలని వాళ్ల నాయన తీర్మానించాడు. అప్పుడే గుంతకల్లులో రైల్వేవాళ్లు ఆడపిల్లల జట్టు కడుతున్నారనీ, ఆట చూసి ఉద్యోగం ఇస్తారనీ సారు కబురు తెచ్చాడు.

"రాళ్లిసిరేదానికి జీతమిచ్చే ఎర్రోళ్లు యాడుండారప్పా?" అంది వాళ్లమ్మ.

"పోయి రానీ. పని దొరికితే సరి, లేదంటే ఆదివారం బెంగుళూరు లారీ ఎక్కల్ల" అన్నాడు నాయన.

గుంతకల్లులో మా జట్టుకు ఇంకో జిల్లా జట్టుతో ఆట పెట్టారు. ఆమె మొదటి బంతి వెయ్యగానే అంపైరు చెల్లదన్నాడు. రెండోదీ అంతే. నాలుగూ చెల్లకపోయేసరికి అవతలి పిల్ల బ్యాటు పక్కన పడేసి, తాపీగా నడుచుకుంటూ మొదటి బేసుకు పోయింది. సారు అంపైరు దగ్గరికి పరిగెత్తాడు. చెయ్యి ఒక్కసారే తిరగాలట, రూలట! జిల్లాలో ఆడించినవాళ్లెవరికీ ఆ రూలు తెలియదు. సారును నా గ్లవ్‌తోనే నాలుగు తగిలించాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఒక్క తిప్పుతో వేస్తే బంతిలో పస లేదు. వాళ్లు చితకబాదారు. నేను దగ్గరికి పోయేసరికి ఆమె కళ్లనిండా నీళ్లు.

"చెయ్యి రాలేదే. నాకు లారీనే గతి."

ఓదార్చడం నాకు చేతకాదు. "పిట్టలు కంకి మీద వాలినాక కూడా మూడు తిప్పులు తిప్పుతా కూచుంటావా?" అని కసిరాను.

ఆమె కళ్లు తుడుచుకుంది. "యాడ? అప్పుడు ఒక్క తిప్పే."

"వాలినాయి చూడు, మే."

తర్వాతి బంతి నాకు కనబడలేదు, గ్లవ్‌లో పడ్డ చప్పుడే వినబడింది. ఆ పైన వచ్చినవాళ్లు వచ్చినట్లే గాలిని కొట్టి వెనక్కి పోయారు. గెలిచాం. రైల్వే పెద్దాయన ఒకాయన నేరుగా వచ్చి, "ఎంతవరకూ చదివినావమ్మా?" అని అడిగాడు. నేను అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను, సంతోషంతో.

ఆ ఆదివారం లారీ ఆమె లేకుండానే పోయింది. అమ్మానాయనా కూలికి వలసపోవడం అదే ఆఖరు. ఆమె గుంతకల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఎనభైల నడుమ దాకా రైల్వే జట్టుకు ఆడింది. సెలవులకు వచ్చినప్పుడు తన చెల్లెలితో పాటు ఊరి పిల్లలందరికీ ఆ ఒక్క తిప్పు నేర్పేది. నేను డ్రిల్ టీచర్నయ్యాను. అన్నిటికంటే ముందు రూల్సు పుస్తకం కొన్నాను.

మళ్లీ కరువొచ్చిన ఏడు, కూలీలను లారీలో తీసుకుపోయే బెంగుళూరు మేస్త్రీ ఆమె అమ్మానాయనల గడపలోకొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. చిన్న కూతుర్ని పనికి పంపమన్నాడు. వాళ్లమ్మ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"అది రాదు, పోప్పా. దానికి పనుండాది."

"ఈ కరువులో ఏం పనమ్మా?"

"బంతి ఇసరల్ల" అంది.