పెద్దమ్మ అడిగిన గీత

పెద్దమ్మ పోయిందని పల్లె నుంచి ఆమె కోడలు, మా వదిన ఫోన్ చేసేసరికి నేను మదనపల్లె ఆఫీసులో కూర్చుని గ్రాఫు రంగులు మారుస్తున్నాను. "అత్త కాఫీ తాగి గోడకు ఆనుకుని కూసునింది, అట్నే ఒరిగిపోయిందప్పా" అంది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది, నా మీదే. ఆమె కోసం మొదలుపెట్టిన పనిని ఆమె ఉండగా ముగించలేకపోయాను.

ఆమె మా అమ్మకు అక్క. పుంగనూరు పక్క పల్లెలో పెళ్లయిన నాటి నుంచీ పట్టుపురుగులు మేపింది. షెడ్డులో వేడినీ తేమనూ కొలిచే చిన్న పెట్టె ఒకటి వేలాడదీస్తే, ఆ అంకెలను ఫోనులో గీతలుగా చూపించే యాప్ నాది. ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవాలని ముచ్చటపడి రంగుకో మీట, గంటలకో మీట, రోజులకో మీట, సగటుకో మీట పెట్టాను. కుప్పంలో రైతులను కూర్చోబెట్టి చూపిస్తే అందరూ "బాగుండాదప్పా" అన్నారు, టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ ఒక్కరూ తెరవలేదు.

పెద్దమ్మ మాత్రం మర్యాదకైనా బాగుందని అనలేదు. మొదటిసారి ఫోను చేతికిస్తే దూరంగా పట్టుకుని చూసి, "దీంట్లో జ్వరం యాడుండాది?" అని అడిగింది. పురుగు మేత మానేసి పాత చర్మం విడిచే సమయాన్ని మా వైపు జ్వరం అంటారు. గూడు కట్టేలోపు నాలుగు జ్వరాలు. మేపేవాళ్లకు తేదీలతో పని లేదు. మూడో జ్వరం లేచిన రెండో పూట, నాలుగో జ్వరానికి ముందు రోజు, అదీ వాళ్ల లెక్క. నా గీత కింద ఉన్నవన్నీ తేదీలే. "అవి చూసి నువ్వే లెక్కేసుకో పెద్దమ్మా" అన్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

షెడ్డు గడప దగ్గర ఆమె ఒక్క నిమిషం ఊరికే నిలబడేది. పురుగులు ఆకు తినే చప్పుడు వినేది. చప్పుడు పలచబడితే జ్వరం దగ్గర పడిందని అర్థం. సెంటు పూసుకుని వస్తే నన్నయినా సరే బయటే నిలబెట్టేది. "నీ సోకు పురుక్కి పడదు. పో, కడుక్కోని రా" అనేది.

అలాంటి మనిషి ఒక్కసారి నన్ను నమ్మింది. నాలుగో జ్వరంలో వాన పట్టింది. జ్వరంలో పురుగుకు చెమ్మ పడదు, తేమ ఎక్కితే కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. ఫోను చూస్తే గీత అంతా బాగున్నట్టు పచ్చగా, తిన్నగా ఉంది. కిటికీలు మూసే ఉంచింది. అది రోజు మొత్తం సగటు. ఆ మధ్యాహ్నం తేమ ఎంత ఎక్కిందో తెలియాలంటే ఇంకో మీట నొక్కాలి. ఆ మీట మూడో పేజీలో ఉంది. పంట సగం జబ్బుపడి పోయింది.

తలొంచుకుని వెళ్లాను. ఆమె అరవలేదు. "యాల ఇన్ని మీటలు పెట్టినావు? ఏది సూపించాల్నో నీకు తెలీక, తెలీనిదంతా నన్ను ఎంచుకోమంటాండావు" అంది. సిగ్గుపడాల్సింది పోయి రోషపడ్డాను. తిరిగొచ్చి సహాయం పేజీ ఒకటి, దాన్ని వివరించే వీడియో ఒకటి, ఇంకో రెండు మీటలు చేర్చాను. పెద్దమ్మ మళ్లీ ఆ యాప్ తెరవలేదు. పండక్కి వెళితే అన్నం పెట్టేది, దాని ఊసెత్తేది కాదు. ఆ మౌనాన్ని క్షమించడం అనుకున్నాను, మూర్ఖుణ్ణి.

ఆమె పోయాక కసిగా కూర్చుని మీటలన్నీ పీకేశాను. ఒకటే గీత మిగిలింది. దాని కింద నాలుగు జ్వరాలు. పురుగు జ్వరానికి పడుకున్నప్పుడు ఒకసారి, లేచినప్పుడు ఒకసారి ఆ జ్వరం మీద నొక్కితే చాలు. అంతా కలిపి తొమ్మిది రోజుల పని. అంత చిన్న పనిని ఆమె బతికుండగా ఇన్నేళ్లు చేయలేదంటే ఏమని చెప్పుకోను?

పెద్దకర్మ అయిన మర్నాడు షెడ్డులో వదిన ఒక్కతే ఉంది. "మైల మనకే గానీ పురుక్కి లేదు కదప్పా, ఇన్ని దినాలూ మేపతానే ఉండా" అంది. పురుగు ఎప్పుడెప్పుడు జ్వరానికి పడుకుందో ఆమెనే అడిగి నొక్కి, ఫోను ఆమె చేతిలో పెట్టి, వివరించబోయి, నోరు మూసుకున్నాను.

గీత వంక చూసింది. "మూడో జ్వరంలో ఇంత చెమ్మా?" అని తనలో తాను అనుకుని, ఫోను నాకిచ్చేసి, నన్నేమీ అడగకుండా వెళ్లి వరసగా కిటికీలు తెరిచింది. తట్టల నిండా పురుగులు మేత మాని తలలెత్తి నిలబడి ఉన్నాయి. వాటి మీదుగా గాలి వీస్తుంటే వదిన గడప దగ్గర చెవి ఒగ్గి నిలబడింది.